నల్ల బట్ట, ఇత్తడి పట్టీ

1981 జూన్‌లో నన్ను సహాయ విద్యుత్ తనిఖీ అధికారిగా అమలాపురం వేశారు. హోదా వినడానికి పెద్దదే. ఆఫీసు మాత్రం ఒక అద్దె ఇంటి వసారా గది. అందులో ఒక గుమాస్తా, ఒక అటెండరు, తాళం వేసిన మీటర్ల పెట్టె. కోనసీమలోని రైసు మిల్లులు, సినిమా హాళ్ళు, ఐసు ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు ఏడాదికోసారి చూసి, విద్యుత్ పరికరాలు ప్రమాదం లేని స్థితిలో ఉన్నాయని సంతకం పెట్టడం మా పని. కరెంటు వల్ల మనిషికో పశువుకో హాని జరిగితే, వెళ్ళి విచారించి, కారణం ఇదీ అని రాసి పైకి పంపడం రెండో పని. జీపు పై అధికారికి ఉండేది. నాకు బస్సూ, గొడుగూ ఉండేవి.

ఏడాదిన్నర తిరిగేసరికి నాకు ఏ పరికరం చూసినా ఒకేలా కనిపించడం మొదలైంది. ఒక్కో రోజు నాలుగు తనిఖీలు పడేవి. పి.గన్నవరంలో పొద్దున్నే ఒక మిల్లు, మధ్యాహ్నం రాజోలులో సినిమా హాలు, సాయంత్రం ఇంకో ఊళ్ళో ఐసు ఫ్యాక్టరీ. ఎర్తింగు కొలిచి, ఫ్యూజులు చూసి, రిజిస్టరులో రెండు వాక్యాలు రాసి, బస్సుకోసం పరుగెత్తేవాణ్ణి. పొద్దున లేవగానే ప్రార్థనలో ఆ రోజు పని న్యాయంగా చెయ్యనిమ్మని అడిగేవాణ్ణి. సాయంత్రానికి ఆ సంగతి గుర్తుండేది కాదు. దీన్ని ఇప్పుడు రాస్తున్నది సాకుగా కాదు. జరిగిన దానిలో ఇదీ ఒక భాగం కాబట్టి.

రాజోలుకు అయిదారు మైళ్ళ దూరంలో, కాలవ గట్టున ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. పేరు చెప్పను. 1982 వేసవిలో విదేశాల్లోని ఒక సంఘంవారు ఆ ఆసుపత్రికి ఒక వేడి పరుపు పంపారు. ఆపరేషను అయిన మనిషికి ఒక్కోసారి విపరీతంగా వణుకు వస్తుంది. వేడినీళ్ళ సంచులు పెడితే పెట్టిన చోటే వెచ్చగా ఉంటుంది, కాసేపటికి అదీ ఉండదు. ఈ పరుపు ఒళ్ళంతటినీ సమంగా వెచ్చబెడుతుంది. అందులో మన ఇస్త్రీ పెట్టెల్లో ఉండే నైక్రోమ్ తీగ లేదు. కార్బన్ పోగులతో నేసిన నల్లటి బట్ట ఉంది. ఒక రకం నూలును గాలి తగలకుండా విపరీతమైన వేడిలో మాడిస్తే, బూడిద కాకుండా బొగ్గు పోగుగా మిగులుతుంది. తలవెంట్రుక కన్నా సన్నంగా, మెత్తగా ఉంటుంది. దాన్ని బట్టగా నేస్తే, ఆ బట్ట కరెంటును పోనిస్తూనే కొంత అడ్డుకుంటుంది. అడ్డుకున్న మేరకు వేడెక్కుతుంది. తీగ అయితే తీగ వెంటే వేడి ఉంటుంది. ఈ బట్ట అయితే ఈ చివరినుంచి ఆ చివరిదాకా గోరువెచ్చగా ఉంటుంది.

ఆ సమానత్వానికి ఒక షరతు ఉంది. కరెంటు బట్టలోకి అంచు పొడుగునా సమంగా దిగాలి. అందుకోసం తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి చొప్పున జోడు ఇత్తడి పట్టీలు పెట్టి, వాటి మధ్య బట్ట అంచును నొక్కి, మరలతో బిగించారు. పట్టీల లోపలి ముఖానికి వెండి పూత ఉంది. పైన రబ్బరు తొడుగు, ఊడదీసి మళ్ళీ ఎక్కించేది. మంచం పక్కన ఒక ట్రాన్స్‌ఫార్మరు పెట్టె ఉండి, లైను కరెంటును ఇరవై నాలుగు వోల్టులకు దించుతుంది. దానిమీద ఒకటి నుంచి ఆరు వరకు అంకెలున్న తిప్పుడు మర, ఆంపియర్లు చూపే ముల్లు ఉన్నాయి. ఒక్కో అంకెకు నాలుగు వోల్టులు పెరిగి, ఆరోదానిమీద పూర్తి ఇరవై నాలుగూ వస్తాయి. షాకు కొట్టే ప్రసక్తే లేదు. మామూలుగా మూడో అంకెమీద పెడితే పన్నెండు ఆంపియర్లు చూపించేది. అదే సరిపోయేది.

1982 నవంబరులో వార్షిక తనిఖీకి వెళ్ళినప్పుడు ఆ పరుపును మొదటిసారి చూశాను. ఆ రోజు నాకది మూడో తనిఖీ. ఇన్సులేషను కొలిచాను, తొడుగు తీసి పట్టీలు చూశాను, రిజిస్టరులో రాసి వచ్చేశాను.

1983 మార్చి మొదటివారంలో ఆసుపత్రి నుంచి ప్రమాద నివేదిక వచ్చింది. దిండి దగ్గరి ఒక పల్లెనుంచి వచ్చిన వరలక్ష్మి అనే ఇరవై ఏళ్ళ అమ్మాయికి కాన్పు ఆపరేషను చేశారు. వెన్నులో మత్తు ఇచ్చారు కాబట్టి నడుము కిందినుంచి స్పర్శ లేదు. ఆపరేషను అయ్యాక పళ్ళు టకటకలాడేంత వణుకు వచ్చింది. డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు రాహేలు ఆమెను వేడి పరుపు మీద పడుకోబెట్టి, మర తిప్పి, పక్క వార్డులో ఇంకో కాన్పుకు పిలిస్తే వెళ్ళింది. నలభై నిమిషాల తర్వాత వచ్చి చూసేసరికి కుడి పిక్క మీద అరచేయంత మేర కాలి పొక్కింది. కాలికి స్పర్శ లేదు గనుక వరలక్ష్మికి తెలియలేదు. మర ఆరో అంకెమీద ఉంది. తల్లీ బిడ్డా క్షేమం, కాలు మాత్రం కాలింది.

నేను శుక్రవారం వెళ్ళాను. రాజోలు బస్టాండునుంచి రిక్షాలో దిగేసరికి ఆసుపత్రి కమిటీ కార్యదర్శి ఎలీషా గారు గేటు దగ్గరే ఉన్నారు. రిటైరైన హెడ్మాస్టరు, ఆ ఊరి చర్చి సంఘ పెద్ద. మా నాన్నగారిని ఎరిగినవారు. నన్ను ఆఫీసు గదిలో కూర్చోబెట్టి కొబ్బరి బొండం ఇప్పించి, ఒక కాగితం నా ముందు పెట్టారు. ఆరో అంకెకు తిప్పింది తానేనని, రోగిని వదిలి వెళ్ళింది తానేనని, తప్పు తనదేనని రాహేలు సంతకం పెట్టిన కాగితం అది.

"పని సులువైపోయిందండి మీకు. అమ్మాయి ఒప్పేసుకుంది," అన్నారాయన. "వాళ్ళ వాళ్ళు రోజూ వచ్చి కూర్చుంటున్నారు. మీరు రెండు ముక్కలు రాసేరంటే కమిటీ తీసుకోవాల్సిన చర్య కమిటీ తీసుకుంటుంది."

ఆ చర్య ఏమిటని అడిగాను. ఉద్యోగంలోంచి తీసేసి, నర్సుల రిజిస్టరులోంచి పేరు కొట్టేయమని సిఫారసు పంపుతామన్నారు. పేరు కొట్టేస్తే ఆమె ఇక ఎక్కడా నర్సుగా పనిచెయ్యలేదు. రాహేలుకు ఇరవై ఆరేళ్ళు. తండ్రి కూలిపని చేసే మనిషి, ఇంట్లో మొదట చదువుకున్నది ఆమే. ఆ సిఫారసుకు ఆధారం నా రిపోర్టే.

వార్డు ముందు అరుగుమీద వరలక్ష్మి అత్తగారు, భర్త సత్తిబాబు కూర్చుని ఉన్నారు. సత్తిబాబు కొబ్బరి దింపు పనివాడు. తలవంచుకుని కూర్చున్నాడు. మాట్లాడింది అత్తగారే.

"రండి బాబూ, రండి. కాన్పుకని తీసుకొస్తే కాల్చి ఇచ్చేరు. మా ఊళ్ళో మంత్రసానికి కరెంటు లేదండి, అందుకని ఎవర్నీ కాల్చలేదు."

సత్తిబాబు "ఊరుకోవే అమ్మా" అన్నాడు.

"ఏం ఊరుకోనురా? ఈ బాబు గారు పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోతారు. పిక్క మీద మచ్చ దానికి జీవితమంతా ఉంటది."

నేను మీటరు పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళాను.

ప్రమాద విచారణలో ఒక వరస ఉంటుంది. ముందు సప్లై, తర్వాత రక్షణ, తర్వాత పరికరం, చివరికి మనిషి. ట్రాన్స్‌ఫార్మరు సరిగ్గా ఉంది. ఫ్యూజు సరైనదే. ఎర్తింగు బాగుంది. పరుపులో ఎక్కడా చిరుగు లేదు. ఇక మిగిలింది మనిషి. మనిషి ఒప్పుకుంటూ సంతకం కూడా పెట్టింది. సాయంత్రం నాలుగింటికల్లా డ్రాఫ్టు రాసేశాను: "పరికరంలో లోపము లేదు. ఆపరేటరు అజాగ్రత్తవలన గరిష్ఠ స్థాయిలో నడిపినందున ప్రమాదము సంభవించినది." అమలాపురం ఆఖరి బస్సు అందుతుందని లెక్క వేసుకున్నాను.

మా ఫారంలో పన్నెండో గడి ఒకటి ఉంటుంది: ఆపరేటరు ఆ విధంగా నడపడానికి చెప్పిన కారణం. సాధారణంగా అందులో ఒక గీత గీసి వదిలేస్తాం. ఆ రోజు రాహేలు ఎదురుగానే నిలబడి ఉంది గనుక అడిగాను. ఆరుకు ఎందుకు తిప్పావమ్మా అని.

"చల్లగా ఉందండి."

ఏది చల్లగా ఉందన్నాను.

"పరుపండి. మూడు మీద పెట్టి పావుగంట చూసేను. చెయ్యి పెడితే మధ్యలో చల్లగానే ఉంది. ఆ పిల్ల వణుకు తగ్గలేదు. లో ఓల్టేజీ ఏమో అనుకున్నానండి. నాలుగు పెట్టేను, అయిదు పెట్టేను. ఇంకా అలాగే ఉంటే ఆరు పెట్టేనండి. అంతలో పక్క వార్డులో కేకలు, వెళ్ళిపోయేను."

లో ఓల్టేజీ అన్న మాట మా ప్రాంతంలో ఎవరూ శంకించరు. రెండో పంట దాళ్వాకు మోటార్లు నడిచే రోజులు. బల్బులు నిప్పుకణికల్లా ఎర్రగా వెలిగేవి. ఏ పరికరమైనా మందగిస్తే మర పైకి తిప్పడం అక్కడ అందరికీ అలవాటు. మా ఇంట్లో నేనూ అదే చేసేవాణ్ణి. కాబట్టి ఆ మాట కూడా నా డ్రాఫ్టును మార్చేది కాదు. అయితే ఆమె దగ్గర ఒక చార్టు ఉంది. పరుపు వేసిన ప్రతిసారీ అంకె, ఆంపియర్లు, రోగి ఉష్ణోగ్రత రాసేది. ఎవరూ రాయమనలేదు, శిక్షణలో అలవాటైందట. ఎలీషా గారు "అదేమీ అక్కర్లేదులెండి" అంటున్నా తెప్పించాను.

జూలైనుంచి నవంబరు వరకు మూడో అంకెమీద పన్నెండు ఆంపియర్లు. డిసెంబరులో పదకొండు. జనవరిలో తొమ్మిది. ఫిబ్రవరి చివర్లో ఆరు. ప్రమాదం జరిగిన రోజు, ఆరో అంకెమీద, పది.

రెట్టింపు వోల్టేజీ పెడితే కరెంటు రెట్టింపు కావాలి. ఇక్కడ తగ్గింది. కార్బన్‌కు ఇంకో గుణం కూడా ఉంది. లోహపు తీగ వేడెక్కేకొద్దీ ఎక్కువ అడ్డుకుంటుంది, కార్బన్ వేడెక్కేకొద్దీ తక్కువ అడ్డుకుంటుంది. కాబట్టి బట్ట వల్ల కరెంటు ఇలా పడిపోదు. దారిలో ఇంకెక్కడో ఏదో అడ్డు పడుతోంది. బట్ట మామూలుకన్నా చల్లగా ఉన్న రోజున మనిషి కాలింది. చార్టు చూస్తూ అలాగే కూర్చుండిపోయాను. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది. కోపం వచ్చిందనే చెప్పాలి. రాహేలు మీద కాదు, ఆ చార్టు మీద. అది లేకపోతే నేను ఇంటికి వెళ్ళిపోయేవాణ్ణి.

శనివారం పొద్దున పరుపును ఖాళీ మంచం మీద పరిచి ఆరో అంకెమీద నడిపించి, ముక్క ముక్కకూ వోల్టేజీ కొలిచాను. తలవైపు పట్టీ దగ్గర దాదాపు ఏమీ పోవడం లేదు. బట్ట మొత్తంమీద పది వోల్టులు. మిగిలిన పద్నాలుగు వోల్టులూ కాళ్ళవైపు పట్టీ దగ్గరే ఖర్చవుతున్నాయి. పరుపంతా పంచుకోవలసిన వేడికన్నా ఎక్కువ వేడి, జానెడు మేరలో పుడుతోంది. పట్టీ కుడి మూల తాకితే చెయ్యి వెనక్కి వచ్చింది. వరలక్ష్మి పిక్క ఆనిన చోటు అదే.

కరెంటు ఆపి మరలు విప్పాను. పట్టీ బయటి ముఖం బంగారంలా మెరుస్తోంది. లోపలి ముఖం మీద వెండి పూత పోయి, పొడుగునా ఆకుపచ్చని చిలుం పట్టింది. బట్ట అంచు గట్టిపడి అట్టలా ఉంది. ఆ చిలుం గుండా కరెంటు పోదు. కుడి మూల మరమేకు బలంగా నొక్కిన చోట మాత్రం కాస్త లోహం మిగిలింది. కరెంటు అంతా ఆ ఇరుకు సందులోంచే దూరుతోంది. గిన్నె బయట మాత్రమే కడిగి లోపలి మురికి వదిలేసేవాళ్ళ గురించి ప్రభువు అన్న మాట సండే స్కూల్లో ఎన్నోసార్లు పిల్లలకు చెప్పాను. ఇంత అక్షరాలా చూడవలసి వస్తుందనుకోలేదు.

నాలుగు నెలల్లో ఇంత చిలుం పట్టడానికి తేమ ఒక్కటే చాలదు. పులుపు గాని ఉప్పు గాని తగలాలి. అదెక్కడిదా అని ఆలోచిస్తూ బయటికి వస్తే, బోరింగు పంపు దగ్గర ఆయా సంతోషమ్మ చర్చి సామాను తోముతోంది. చందా పళ్ళేలు, ప్రభుబల్ల పాత్ర, దీపపు కుందులు. పక్కన కొబ్బరి చిప్పలో చింతపండు ముద్ద, గుప్పెడు ఉప్పు. ఆమెకు అరవై దగ్గర పడ్డాయి. ముప్పై ఏళ్ళుగా ప్రతి శనివారం ఆ పని ఆమెదే. డబ్బు పుచ్చుకునేది కాదు, మొక్కుబడి.

ఆసుపత్రిలో ఇంకేమైనా తోముతావా సంతోషమ్మా అని అడిగాను.

"ఆయ్, తోమతానండి. పరుపు పట్టీలు తోమతాను. పాస్టరు గారు ప్రార్థన చేసి ఇచ్చిన సామాను కదండీ అది. చర్చి గిన్నెలు ఎలా తోమతానో అలాగే. ఇది అయిపోగానే ఇదే ముద్దతో."

తొడుగు తీసి తోముతావా అన్నాను.

"మరి తీయకుండా ఎలా వస్తదండీ మెరుపు? తీసి, చింతపండు బాగా పట్టించి, కాసేపు నాననిచ్చి, తడిగుడ్డతో తుడిచి, కాళ్ళవైపు కిందకి పెట్టి గోడకి ఆనించి ఆరబెడతానండి. నల్ల బట్టకి నీళ్ళు తగలనివ్వనండి, చాలా జాగ్రత్త."

నీళ్ళు తగలనివ్వలేదు. కాని ఆ బట్ట దీపపు వత్తిలాంటిది. పట్టీల మధ్య సందులో పడ్డ ప్రతి బొట్టునూ లోపలికి పీల్చుకుంది, అదంతా కాళ్ళవైపుకు దిగింది. చింతపండు పులుపు, ఉప్పు, వారం వారం.

ఇలా తోమకూడదని నీకు ఎవరూ చెప్పలేదా అని అడిగాను. అడిగాక ఆ ముసలావిడ నా వంక చూసిన చూపు నాకు ఇప్పటికీ స్పష్టంగా గుర్తుంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే ఆశ్చర్యపోయింది.

"మీరే కదండీ మెచ్చుకున్నారు. కార్తీకంలో వచ్చేరు. తొడుగు ఊడదీసి చూసి, ఎవరు తోమేరు ఇవి, అన్నారు. నేనే అన్నాను. శభాష్, ప్రతి ఆసుపత్రిలో ఇలా ఉంటే మాకు పనే ఉండదు, అన్నారు. అప్పట్నుంచి నెలకోసారి తోమేదాన్ని వారానికోసారి తోముతున్నానండి."

నేను లోపలికి వెళ్ళి రిజిస్టరు తీయించాను. నవంబరు తనిఖీ. నా చేతిరాత. "పట్టీలు శుభ్రముగా, మంచి స్థితిలో నిర్వహింపబడుచున్నవి." కింద నా సంతకం, స్టాంపు. మరలు విప్పలేదు. లోపలి ముఖం చూడలేదు. పరుపుతో వచ్చిన ఇంగ్లీషు కరపత్రం ఆఫీసు బీరువాలో ఉంది. మూడో పేజీలో, పట్టీలను పొడిగుడ్డతో మాత్రమే తుడవాలని, ఏ ద్రవమూ తగలకూడదని ఉంది. నవంబరులో అది నా చేతికి ఇచ్చారు. నేను తెరవకుండా తిరిగి ఇచ్చాను.

ఆ సాయంత్రం ఎలీషా గారికి విషయమంతా చెప్పాను. ఆయన చెడ్డ మనిషి కాదు. ఆసుపత్రికి చెడ్డపేరు వస్తుందని భయం. కాసేపు గడ్డం నిమురుకున్నారు.

"అయితే ఆయాది తప్పన్నమాట. పోనీ అలాగే రాయండి. నర్సు బతికిపోతుంది. ముసలిది, ఎలాగూ ఈ ఏడాదో వచ్చే ఏడాదో మానేసేదే."

నా తనిఖీ మాట కూడా రాయాలి కదండీ అన్నాను.

"మీరెందుకు మధ్యలో? మీరు ప్రభుత్వం తరఫు మనిషి. పిల్లలు గలవారు. ఆవిడ తోమింది, చిలుం పట్టింది, కాలింది. అబద్ధం ఏముందండీ ఇందులో?"

అబద్ధం లేదు. అదే అందులోని కష్టం. ప్రతి వాక్యమూ నిజమే. నా తనిఖీ గురించిన ఒక్కటి తీసేస్తే సంతోషమ్మ ఒక్కతే మిగులుతుంది. ఆమె చదువు రాని మనిషి. నా రిపోర్టులో ఏముందో ఆమె ఎప్పటికీ చదవదు.

మర్నాడు నెల మొదటి ఆదివారం. ఆ ఊరి చర్చిలోనే ఆరాధనకు వెళ్ళాను. రొట్టె, ద్రాక్షరసం పంచే ప్రభుబల్ల సమయంలో నా వరస వచ్చినప్పుడు లేవలేదు. కూర్చునే ఉన్నాను. మా సంఘాల్లో అది అందరి కళ్ళలోనూ పడుతుంది. బల్లమీద పాత్ర శుభ్రంగా మెరుస్తోంది. ముందు రోజు దాన్ని తోమిన మనిషి నా ముందు వరసలో మోకాళ్ళమీద ఉంది. సహోదరునితో లెక్క సరి చేసుకోకుండా బల్ల దగ్గరికి రాకూడదని నేర్చుకుని పెరిగినవాణ్ణి. లెక్క ఏమిటో నాకు తెలుసు. రాయడమే మిగిలింది.

సోమవారం కమిటీ కూర్చుంది. డాక్టరమ్మ, పాస్టరు గారు, ఎలీషా గారు, మరో ఇద్దరు. సత్తిబాబునూ, వాళ్ళమ్మనూ కూడా పిలవమన్నాను. పరుపును బల్లమీద పరిచి, మరలు మళ్ళీ బిగించి, ఒక కొవ్వొత్తిని శనగగింజంత ముక్కలు చేసి బట్ట పొడుగునా వరసగా పెట్టాను. కుడి మూల పట్టీ మీద ఒకటి. రాహేలును పిలిచి, ఆ రోజు చేసినట్టే మూడునుంచి మొదలుపెట్టి ఆరుదాకా తిప్పమన్నాను. ఇరవై నిమిషాలు ఆగాం. మూల ముక్క కరిగి నీరై జారిపోయింది. మధ్యలో ముక్కలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. సత్తిబాబు లేచివచ్చి, మధ్యలో బట్టమీద అరచెయ్యి పెట్టి చూశాడు.

"చల్లగానే ఉందే," అన్నాడు తల్లితో. "ఆ నర్సమ్మ చెప్పింది నిజమేనే."

అప్పుడు పట్టీ విప్పి చిలుం చూపించాను. అది ఎలా వచ్చిందో చెప్పాను. సంతోషమ్మ గుమ్మం దగ్గర నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవంబరులో నేను చూడవలసింది చూడలేదని, చదవవలసింది చదవలేదని, చూసినదాన్ని మెచ్చుకున్నానని కూడా చెప్పాను. రిజిస్టరు పేజీ తెరిచి బల్లమీద పెట్టాను. పాస్టరు గారు కళ్ళజోడు పెట్టుకుని చదివి, పక్కవారికి జరిపారు.

అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"అయితే ఇత్తడి తోమడం కూడా తప్పేనా బాబూ? తోమకపోతే ఆడదాన్ని తిడతారు. తోమితే ఇదిగో, ఇలాగ." సంతోషమ్మ వైపు తిరిగి, "నువ్వు ఏడవకమ్మా. నేనైనా చింతపండే పెట్టేదాన్ని," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మీకు చదువుంది కదండీ. మీరెందుకు చూడలేదు?"

అలసిపోయానని చెప్పబోయి మానేశాను. చూడలేదమ్మా అన్నాను. అంతే.

రిపోర్టులో కారణాలు మూడుగా రాశాను. తయారీదారు సూచనలు పనిచేసేవారి భాషలో పనిచేసేవారికి అందలేదు. వార్షిక తనిఖీలో పట్టీల లోపలి ముఖం పరీక్షించకుండానే, కింద సంతకం చేసిన అధికారి మంచి స్థితి అని ధ్రువీకరించి, హానికరమైన పద్ధతిని ప్రోత్సహించాడు. కరెంటు తగ్గుతున్నట్టు చార్టులో నమోదైనా ఎవరూ చూడలేదు. ఆపరేటరు, ఆయా తమకు తెలిసినంతలో శ్రద్ధగానే పనిచేశారని చివర రాశాను. రోగిని నలభై నిమిషాలు వదిలిన సంగతి కూడా రాశాను. రెండు వార్డులకు ఒకే నర్సు ఉన్న సంగతి దాని పక్కనే రాశాను. శుక్రవారం రాసిన డ్రాఫ్టును చింపెయ్యలేదు. ఫైలులోనే ఉంచాను.

రాహేలు పేరు సిఫారసుకు వెళ్ళలేదు. కమిటీ ఆమెను మందలించి వదిలేసింది. సంతోషమ్మను తీసెయ్యాలని ఎలీషా గారు మరోసారి ప్రస్తావిస్తే, డాక్టరమ్మ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది. వరలక్ష్మి మూడు వారాలు కట్టు కట్టించుకుని బిడ్డతో ఇంటికి వెళ్ళింది. మచ్చ ఉండిపోయింది. నాకు మెమో వచ్చింది. సంజాయిషీ రాశాను. ఒక ఇంక్రిమెంటు ఏడాదిపాటు ఆపారు. నన్ను కాకినాడకు పిలిపించుకున్న పై అధికారి, ఆయనా నా మాదిరే అలసిన మనిషి, ఫైలు మూసి, "ఇంత వివరంగా రాయాల్సిన పని లేదయ్యా. నీమీద నువ్వే రాసుకుంటే మేం ఏం చెయ్యాలి?" అన్నారు. ఆయన అన్నది తిట్టో సలహానో నాకు తెలియలేదు.

పరుపుకు కొత్త పట్టీలు రాజమండ్రిలో చేయించాం. వెండి పూత మళ్ళీ వేయించి, బట్ట అంచు రెండు అంగుళాలు కత్తిరించి బిగించాం. మూడో అంకెమీద పన్నెండుకన్నా కొంచెం ఎక్కువే చూపించింది, బట్ట పొడుగు తగ్గింది గనుక.

ఆ తర్వాత మరో పంతొమ్మిదేళ్ళు ఉద్యోగం చేశాను. నామీద పడే తనిఖీలు తగ్గలేదు, బస్సులు తగ్గలేదు, అలసట కూడా తగ్గలేదు. మారినవి మూడే. బిగింపులున్న ప్రతిచోటా కరెంటు నడిపించి వోల్టేజీ కొలిచాకే మంచి స్థితి అని రాసేవాణ్ణి, కంటికి కనిపించినదాన్ని బట్టి రాయలేదు. రోజుకు నాలుగు చూడవలసినచోట మూడే చూసి, నాలుగోది చూడలేదని రాసేవాణ్ణి. మూడోది, ఏ ఊరు వెళ్ళినా మేనేజరుతో మాట్లాడే ముందు ఆ పరికరాన్ని తుడిచే మనిషిని పిలిపించి, దేనితో తుడుస్తారో, ఎలా తుడుస్తారో చేసి చూపించమనేవాణ్ణి. ఒక ఐసు ఫ్యాక్టరీలో కిరసనాయిలుతో అన్నారు. ఒక సినిమా హాల్లో కొబ్బరినూనెతో అన్నారు. ఎవరూ నిర్లక్ష్యంతో చెయ్యలేదు. వాళ్ళను అంతకుముందు ఎవరూ అడగలేదు.